ఐదడుగుల ఆరంగుళాల గీత

(విజయనగరంలో ఒక ఆదివారం ఉదయం వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పోలీసు ఉద్యోగాలకి తయారవుతున్న కుర్రాళ్ల ముందు ఒక పిల్లల డాక్టరుగారు మాట్లాడారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. మేష్టార్లు ముందు వరసలో కూర్చున్నారు, సంతోషం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకి కూడా కుర్చీలున్నాయి. కూర్చోండి బాబూ, నిలబడితే ఎత్తు పెరగరు.

నవ్వారు కదా? చూశారా, మొదటి మాటకే నవ్వొచ్చింది. పొట్టితనం మీద జోకు ఎక్కడ వేసినా పేలుతుంది. గుడ్డి, కుంటి అని పిలవకూడదని కాస్త ఆలస్యంగానైనా నేర్చుకున్నాం. పొట్టి అని పిలవడం మాత్రం ఇప్పటికీ ముద్దుగానే అనుకుంటున్నాం. ఆడపిల్ల పొట్టిగా ఉంటే చూడముచ్చటగా ఉందంటాం. మగపిల్లాడు పొట్టిగా ఉంటే అసలు పేరు ఆధార్ కార్డులోనే మిగులుతుంది, ఊళ్లో వాడు బుడ్డోడు. నలభై ఏళ్లొచ్చి, తల నెరిసి, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నా బుడ్డోడే.

సామెతల్లో మెచ్చుకున్నాం కదండీ అంటారు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అన్నాం. ఆ బుద్ధులంటే తెలివా, జిత్తులా? ఎవరి గురించి ఏ గొంతుతో అంటున్నామో ఒకసారి వినండి. వామనుణ్ణి చూపిస్తారు కొందరు. బాగానే ఉంది, కానీ కథలో వామనుడు గెలిచిందెప్పుడు? త్రివిక్రముడై ఆకాశమంత పెరిగాక. ఉన్న ఎత్తులోనే ఉండి సముద్రం తాగేసినవాడు అగస్త్యుడు. ఆయన్ని మాత్రం ఎవరూ తలుచుకోరు.

సరే, విషయానికొద్దాం. అసలు పొట్టి అంటే ఎంత? ఎవరైనా ఒక అంకె చెప్పండి. ఐదున్నర... ఐదు ఆరు... ఇంకా? మేష్టారు ఐదు ఏడు అంటున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో గీత. 2020లో ప్రపంచ దేశాలన్నిటి కొలతలూ కలిపి చేసిన ఒక పెద్ద లెక్క వచ్చింది. అందులో 19 ఏళ్ల భారతీయ కుర్రాడి సగటు ఎత్తు దాదాపు 166.5 సెంటీమీటర్లు. అంటే 5 అడుగుల 5న్నర అంగుళాలు. నెదర్లాండ్స్‌లో 183.8. ఇప్పుడు ఆలోచించండి. 5 అడుగుల 6 అంగుళాల దగ్గర గీత గీసి, దాని కింద ఉన్నవాళ్లంతా పొట్టి అన్నామంటే దేశంలో సగం మందికి పైగా పొట్టివాళ్లయిపోతారు. సగం మందికి ఉన్న లక్షణాన్ని లోపం అంటామా?

ఆ 5 అడుగుల 6 అంగుళాలు ఎక్కడిదో ఈ వెనక కూర్చున్న కుర్రాళ్లకి బాగా తెలుసు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మన రాష్ట్రంలో మగవాళ్లకి 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఈ పాయింటు ఆరు ఎక్కడి నుంచి ఊడిపడింది? 66 అంగుళాల్ని 2.54తో గుణించండి. 167.64. మనిషి ఒంటి గురించి ఎవరో పరిశోధన చేసి తేల్చిన అంకె కాదిది. అంగుళాల్లో రాసుకున్న నిబంధనని సెంటీమీటర్లలోకి దించారు, అంతే. అదే నోటిఫికేషన్‌లో ఇంకాస్త కిందకి చదవండి. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఏజెన్సీల గిరిజన అభ్యర్థులకి 160 చాలు. ఛాతీ కూడా అంతే: మిగతావాళ్లకి 86.3, గాలి పీల్చినప్పుడు 5 పెరగాలి. వాళ్లకి 80, పెరగాల్సింది 3. సీతంపేట కొండ మీద నుంచి వచ్చిన సవర కుర్రాడు 160తో పోలీసు పని చేయగలడని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. అది న్యాయమైన సడలింపే, నా పేచీ దాంతో కాదు. ఈ అంకెలు మనం పెట్టుకున్నవి, అది గుర్తుంచుకోండి అంటున్నాను.

ఇంకో చిత్రం చెప్తాను. కేంద్ర బలగాల కానిస్టేబుల్‌కి 170 కావాలి. ఐపీఎస్ అధికారికి? 165. అంటే జిల్లా ఎస్పీ అవడానికి సరిపోయే ఎత్తు, ఆయన దగ్గర సెల్యూట్ కొట్టే ఉద్యోగానికి సరిపోదు. ఇది ఎందుకో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పరీక్ష రాసి పైకొచ్చినవాడి ఎత్తుని అంతగా పట్టించుకోరు, వరసలో నిలబడేవాడి ఎత్తే చూస్తారు.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి. పొట్టిగా ఉండడం వేరు, వైద్యంలో మరుగుజ్జుతనం అనేది వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో అదొకటి. జబ్బు వల్లో జన్యు కారణం వల్లో పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు, లేదా అంతకంటే తక్కువుంటే ఆ కోవలోకి వస్తుంది. ఆ మాటని తిట్టుగా వాడకండి. 5 అడుగుల 3 అంగుళాలవాణ్ణి ఆ పేరుతో పిలిస్తే ఇద్దర్నీ అవమానించినట్టు.

ఇప్పుడు కంటి సంగతి. మన కన్ను ఎత్తుని కొలుస్తుందా, హోదాని కొలుస్తుందా? 1968లో పాల్ విల్సన్ అనే ఆయన ఆస్ట్రేలియాలో చిన్న ప్రయోగం చేశాడు. ఒకే మనిషిని ఐదు తరగతి గదుల్లో పరిచయం చేశారు. మొదటి గదిలో ఈయన కేంబ్రిడ్జ్ విద్యార్థి అన్నారు, తర్వాత్తర్వాత గదుల్లో హోదా మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయి చివరి గదిలో ప్రొఫెసర్ అన్నారు. ఆయన బయటికెళ్లాక, ఎంత ఎత్తుంటాడో అంచనా వెయ్యండి అన్నారు. మనిషి అదే, బూట్లు అవే. కానీ విద్యార్థి అనుకున్న గదికన్నా ప్రొఫెసర్ అనుకున్న గదిలో ఆయన దాదాపు రెండున్నర అంగుళాలు పొడుగయ్యాడు. రెండున్నర అంగుళాలండీ! ఎత్తు పెంచుతామని అమ్మే ఏ పౌడరూ ఇవ్వలేనంత. మన ఊళ్లో కూడా చూడండి. కలెక్టరుగారు పొట్టిగా ఉంటే, ఆ సంగతి ఆయన బదిలీ అయి వెళ్లాక గుర్తొస్తుంది.

రివర్సు కూడా జరుగుతుంది. నెపోలియన్ పొట్టి అని పాఠాల్లో చదివాం కదా? ఆయన కొలత 5 అడుగుల 2 అంగుళాలని రాసుకున్నారు, అవి ఫ్రెంచి అంగుళాలు. ఫ్రెంచి అంగుళం 2.7 సెంటీమీటర్లు, ఇంగ్లీషు అంగుళం 2.54. మార్చి చూస్తే 168, 169 దాకా వస్తుంది. ఆ కాలానికి మామూలు ఎత్తే. ఇంగ్లండులో గిల్‌రే అనే కార్టూనిస్టు ఆయన్ని పెద్ద టోపీ కింద బుడతడిలా గీశాడు. ఆ బొమ్మ నిలిచిపోయింది, మనిషి పోయాడు. కోపిష్ఠి పొట్టివాడికి మానసిక శాస్త్రంలో ఆయన పేరే పెట్టేశారు. మన కానిస్టేబుల్ పరీక్షకి వచ్చుంటే నెపోలియన్ బొటాబొటిగా గట్టెక్కేవాడు!

ఆ కోపం సంగతే చూడండి. పొడుగాటి మనిషి గొంతు పెంచితే మాట మీద నిలబడేవాడంటాం. పొట్టివాడు అదే గొంతు పెంచితే, ఏటిరా బుడ్డోడికి అంత పౌరుషం అంటాం. కోపం ఒకటే, మనం పెట్టే పేరే మారింది. నోరు మూసుకుంటే పిరికివాడు, నోరు తెరిస్తే దురుసువాడు. మధ్యలో వాడికి చోటేది?

పెళ్లి సంబంధాల దగ్గరకొద్దాం. అమ్మలు ఈ మాట కోసమే వచ్చుంటారు. బయోడేటాలో ఎత్తు రాసేటప్పుడు ఏం జరుగుతుంది? 5 అడుగుల 4 అంగుళాల అబ్బాయి బూట్లతో కొలుచుకుంటాడు, ఒకటి కలుస్తుంది. మధ్యవర్తి ఇంకొకటి కలుపుతాడు. కాగితం మీద 5-6 అవుతుంది. అవతలివాళ్లకీ ఈ సంగతి తెలుసు, వాళ్లు మనసులో రెండు తీసేస్తారు. అప్పుడు నిజంగా 5-6 ఉండి నిజమే రాసినవాడు 5-4 అయిపోతాడు. అందరూ అబద్ధం ఆడే చోట నిజం చెప్పినవాడికే నష్టం. నా సలహా ఏమిటంటే సెంటీమీటర్లలో రాయండి. 163 అని రాస్తే దానికి ఎవరూ రెండు కలపరు, తీయరు. పెళ్లిచూపుల్లో అమ్మాయిని పక్కన నిలబెట్టి చూసే పద్ధతి కూడా మానండి. సగటు మగవాడికీ సగటు ఆడమనిషికీ మన దేశంలో 11 సెంటీమీటర్ల దాకా తేడా ఉంది కాబట్టి, ఎవరూ వెతక్కపోయినా చాలా జంటల్లో అబ్బాయే పొడుగ్గా ఉంటాడు. దానిమీద ఇంకా ఆరంగుళాల తేడా కావాలని మనం పట్టుబడుతున్నాం. ఎందుకు? పీటల మీద ఇద్దరూ కూర్చునే ఉంటారు కదా. ఫొటోల కోసం అంటారు. ఫొటో కోసమైతే ఒక చిన్న చెక్కపెట్టె చాలు. సినిమావాళ్లు దాన్ని ఆపిల్ బాక్స్ అంటారు, హీరోలు దానిమీదే నిలబడతారు.

ఇప్పుడు మేష్టార్లూ, ఇది మీకు. జీతాల మీద రెండు మూడు పెద్ద పరిశోధనలున్నాయి, అవి అమెరికా, బ్రిటన్‌లవి. 2004లో జడ్జ్, కేబుల్ అనే ఇద్దరు లెక్క కట్టి, ఒక్కో అంగుళానికి ఏడాదికి దాదాపు 789 డాలర్లు ఎక్కువ జీతం వస్తోందన్నారు. ఇది అందరూ చెప్పుకుంటారు. అదే ఏడు ఇంకో ముగ్గురు, పెర్సికో, పోస్ట్‌ల్‌వెయిట్, సిల్వర్‌మన్, ఇంకో ప్రశ్న అడిగారు. ఎప్పటి ఎత్తు? పెద్దయ్యాక ఎంత పొడుగన్నదా, 16 ఏళ్లప్పుడు ఎంత పొడుగన్నదా? వాళ్లు చూసింది ఏమిటంటే, 16 ఏళ్లప్పటి ఎత్తుని లెక్కలోకి తీసుకున్నాక, పెద్దప్పటి ఎత్తుకి జీతంతో దాదాపు సంబంధమే లేకుండా పోయింది. బాగా వినండి. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరూ ఇప్పుడు 175. ఒకడు పదో తరగతికే పెరిగిపోయాడు, ఇంకొకడు ఇంటర్ తర్వాత పెరిగాడు. ఆలస్యంగా పెరిగినవాడికి పొట్టివాడి జీతమే వస్తోంది. కాబట్టి యజమాని కొలత టేపు పట్టుకుని జీతం ఇవ్వట్లేదు. మరేం జరిగింది? ఆ తేడాకి కారణం కొంతవరకు ఆ పరిశోధకులకి స్కూలు ఆటల్లోనూ, క్లబ్బుల్లోనూ దొరికింది. పొట్టి పిల్లలు వాటిలో తక్కువగా చేరారు.

పక్షపాతం లేకుండా రెండో వైపు కూడా చెప్పాలి. 2008లో కేస్, పాక్సన్ అనే ఇద్దరు ఇంకోలా చూశారు. చిన్నప్పుడు తిండి, ఆరోగ్యం బాగున్న పిల్లలు ఎత్తూ పెరుగుతారు, చదువులోనూ ముందుంటారు, జీతంలో తేడాకి అదే కారణం అన్నారు. అదీ నిజమే కావచ్చు. మన రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. అది తిండి సమస్య, నీళ్ల సమస్య, తల్లి ఆరోగ్యం సమస్య. దానికి అంగన్‌వాడీ కావాలి. కానీ పదమూడేళ్ల పిల్లాడు మీ దగ్గరికొచ్చేసరికి ఆ కాలం దాటిపోయింది. మీ చేతిలో మిగిలింది ఆట.

పొద్దున్నే ప్రేయర్‌లో ఏం చేస్తారు? పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఒకటో తరగతి నుంచి పది దాకా, ఏడాదికి రెండొందల పైచిలుకు రోజులు, వాడు ఎవరికన్నా పొట్టో వాడికి మైకు పెట్టి చెబుతున్నాం. రోల్ నంబరు ప్రకారం నిలబెడితే ఏం పోయింది? కనపడదంటారా, ఎడం ఎడంగా నిలబెట్టండి. ఆటలకొస్తే మన బళ్లలో ఉన్న ఆటలేవి? వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, క్రికెట్. వాలీబాల్ నెట్ దగ్గర నుంచి పొట్టి కుర్రాణ్ణి పంపేస్తారు, వాడు బంతులు ఏరుతాడు. బరువు తరగతులున్న ఆటలు పెట్టండి. కుస్తీ, బాక్సింగ్, జూడో, వెయిట్‌లిఫ్టింగ్. మనకి నెల్లిమర్ల పక్కన వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ ఉంది, ఇంకెక్కడికో వెళ్లి చూడక్కర్లేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో పొట్టితనం ఎలా కలిసొస్తుందో తెలుసా? బార్‌ని నేల మీంచి తల మీదికి లేపాలి. కాళ్లూ చేతులూ పొట్టిగా ఉన్నవాడికి ఆ దూరం తక్కువ. అంతే బరువుని తక్కువ దూరం లేపితే చేసే పని తక్కువ, ఇది తొమ్మిదో తరగతి ఫిజిక్సే. రెండోది, 60 కిలోల తరగతిలో ఇద్దరుంటే, పొట్టివాడి 60 కిలోల్లో ఎముక పొడవుకి పోయేది తక్కువ, కండకి మిగిలేది ఎక్కువ. టర్కీ ఆటగాడు నైమ్ సులేమనోగ్లు ఎత్తు 147 సెంటీమీటర్లు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల తరగతిలో 190 కిలోలు లేపాడు. తన బరువుకి మూడింతల పైన. 88, 92, 96 మూడు ఒలింపిక్స్‌లోనూ బంగారమే.

తల్లిదండ్రుల మాటకొస్తాను. మీ ప్రశ్న ఒకటే: మా అబ్బాయి పెరుగుతాడా? ముందు సరిగా కొలవండి, తర్వాత బెంగపడదాం. నూటికి తొంభై ఇళ్లలో కొలత తప్పు అని నా అనుమానం. స్కర్టింగ్ పలక లేని గోడ చూసుకోండి. ఉంటే మడమ ముందుకొస్తుంది, ఒళ్లు వంగుతుంది. కింద బండ ఉండాలి, చాప ఉండకూడదు. టేపు సున్నా నేలకి తగిలి ఉందో లేదో చూడండి, కొన్ని స్కేళ్లకి ముందు అర సెంటీమీటరు ఖాళీ ఉంటుంది. చెప్పులు లేకుండా, మడమలు కలిపి, మడమ, పిరుదులు, వీపు గోడకి ఆనించాలి. గడ్డం పైకెత్తకూడదు. కంటి గుంత కింద అంచు, చెవి రంధ్రం ముందు బుడిపె, ఈ రెంటినీ కలిపే గీత నేలకి సమాంతరంగా ఉండాలి. తల మీద పుస్తకం పెడితే అది వాలిపోతుంది. వడ్రంగి దగ్గర మూలమట్టం తెచ్చుకోండి, ఒక అంచు గోడకి, ఒకటి తలకి. మూడుసార్లు కొలిచి, సగటు తేదీతో సహా రాసుకోండి. ఎప్పుడూ ఒకే వేళకి కొలవండి. పొద్దున లేచినప్పటికీ సాయంత్రానికీ దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతాం, వెన్నుపూసల మధ్య మెత్తని పళ్లేలు అణిగిపోతాయి. పోలీసు కుర్రాళ్లు రాసుకుంటున్నారు, రాసుకోండి. 167.6 దగ్గర ఊగిసలాడేవాడు ముందురోజు మూటలు మొయ్యకుండా, రాత్రి నిండా పడుకుని, పొద్దున్నే వెళ్లాలి. జుట్టు కింద మైనం పెట్టుకోవడాలు వద్దు, దొరికిపోతారు.

అంకె కన్నా వేగం ముఖ్యం. పుట్టిన మొదటి ఏడాది 25 సెంటీమీటర్లు పెరుగుతారు, రెండో ఏడు 10 నుంచి 12. నాలుగేళ్ల నుంచి యవ్వనం వచ్చేదాకా ఏడాదికి 5 నుంచి 6. అది 5 కంటే తగ్గితే డాక్టరుకి చూపించండి, 4 కంటే తగ్గితే వచ్చే నెల అనకండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, గోధుమ పడని పేగు జబ్బు, మూత్రపిండాల జబ్బు, గ్రోత్ హార్మోన్ లోపం, ఇవన్నీ మొదట ఎత్తులోనే బయటపడొచ్చు. యవ్వనంలో మగపిల్లలు ఒక్క ఏడులో 9, 10 సెంటీమీటర్లు సాగుతారు. ఆడపిల్లలకి అది రెండేళ్లు ముందే వస్తుంది. అందుకే ఏడో తరగతి ఫొటోలో అమ్మాయిలే పొడుగు. మగపిల్లాడికి పద్నాలుగు నిండినా యవ్వన లక్షణాలు మొదలవకపోతే చూపించండి. చాలాసార్లు నాన్న కూడా ఆలస్యంగా పెరిగినవాడే అయ్యుంటాడు. ఎడమ చెయ్యి మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు తెలుస్తుంది. పదిహేనేళ్లవాడికి ఎముక వయసు పన్నెండున్నర అని వస్తే అది మంచి వార్త, ఇంకా పెరగడానికి జాగా ఉంది.

పిల్లాడు పెద్దయ్యాక ఎంత ఎత్తుండొచ్చో అంచనాకి ఒక చిన్న లెక్క. నాన్న ఎత్తు, అమ్మ ఎత్తు కలిపి, అబ్బాయికైతే 13 కలిపి, రెండుతో భాగించండి. నాన్న 162, అమ్మ 150. మొత్తం 325, సగం 162.5. దానికి అటూ ఇటూ ఎనిమిదిన్నర. అంటే 154 నుంచి 171 దాకా ఎక్కడున్నా మీ ఇంటి బిడ్డే, జబ్బు కాదు. కొలతలు మీవి ఇచ్చి, ఎదురింటివాళ్ల అబ్బాయిలా ఎందుకు లేడని అడిగితే ఎలా అమ్మా?

పౌడర్ల సంగతి. టీవీలో, ఫోన్లో, బస్సు వెనకాల ప్రకటనలు. మూడు నెలల్లో మూడంగుళాలు. ఎముక చివర పెరిగే పొర ఉంటుంది, మగపిల్లల్లో 17, 18 ఏళ్లకి అది ఎముకగా మూసుకుపోతుంది. మూసుకున్నాక పౌడరు, వేలాడడం, ఈత, ఏదీ తెరవలేదు. వేలాడితే భుజాలకి మంచిది, అంతవరకే. పైగా 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టంలో, మందుతో నయం చేస్తామని ప్రకటించకూడని వాటి జాబితా ఉంది. అందులో మనిషి ఎత్తు కూడా ఉంది. అంటే ఎత్తు పెంచే మందు అని ప్రకటన ఇవ్వడమే నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ప్రకటన ఫొటో, డబ్బా లేబులు, బిల్లు దగ్గర పెట్టుకోండి. బిల్లు ఇవ్వరు, అది వేరే సంగతి.

గ్రోత్ హార్మోన్ నిజమైన మందే. మెస్సీకి చిన్నప్పుడు ఆ లోపం ఉండి ఇంజెక్షన్లు ఇచ్చారు. లోపం ఉన్నవాడికి, ఎముక పొర తెరిచి ఉండగా, రోజూ రాత్రి, ఏళ్ల తరబడి. లోపం లేనివాడికి ఇస్తే అన్నేళ్లు పొడిపించుకుని, బోలెడు ఖర్చుపెట్టి, వచ్చేది నాలుగైదు సెంటీమీటర్లు, ఏదో ఒకటి రెండు అటూ ఇటూ.

కాళ్లు సాగదీసే ఆపరేషన్ గురించి ఎవరో చీటీ పంపారు. రష్యాలో ఇలిజారోవ్ అనే డాక్టరు, విరిగి అతకని కాళ్ల కోసం, పొట్టిపడ్డ కాళ్ల కోసం కనిపెట్టిన పద్ధతి అది. ఎముక కోసి, చుట్టూ రింగులు బిగించి, రోజుకి ఒక్క మిల్లీమీటరు, అదీ పావు పావు చొప్పున నాలుగుసార్లు తిప్పుతారు. 5 సెంటీమీటర్లకి 50 రోజులు. అక్కడితో అయిపోదు, కొత్త ఎముక గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఎముక సాగినంత వేగంగా కండ, నరం సాగవు. మడమ నేలకి ఆనదు, మోకాలు బిగుసుకుంటుంది, సూదులు దిగినచోట చీము పడుతుంది. నడవలేనివాణ్ణి నడిపించడానికి పుట్టిన వైద్యం అది. నడిచేవాణ్ణి మంచం ఎక్కించడానికి నేను ఒప్పుకోను. మీకు వేరే అభిప్రాయం ఉండొచ్చు.

ఇంకో చీటీ. "పొట్టిగా ఉంటే పిల్లాడి మనసు దెబ్బతింటుందా?" బ్రిటన్‌లో వెసెక్స్ అధ్యయనం అని ఒకటి, బళ్లో చేరేనాటికే బాగా పొట్టిగా ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. బళ్లో ఏడిపించారని చెప్పినవాళ్లు వాళ్లలో ఎక్కువే. కానీ ఆత్మవిశ్వాసంలో, నడవడిలో మామూలు ఎత్తు పిల్లలకీ వాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఏడిపించడం నిజం, కానీ వాళ్లు మనం అనుకున్నంత కుంగిపోలేదు. అందుకని ఏడిపించడం పరవాలేదని అర్థం తీయకండి మేష్టారూ.

టైమయిపోయిందని సైగ చేస్తున్నారు. వెనక గోడకి టేపు అతికించాం, మూలమట్టం కూడా ఉంది. పిల్లల్ని తెచ్చినవాళ్లు చెప్పులు విప్పించి రండి, పాత కొలతలు రాసుకున్న కాగితం ఉంటే పట్టుకురండి. వరసలో రండి బాబూ. ఎత్తు ప్రకారం కాదు, వచ్చిన వరసలో.